నా పప్పు ఉడకని ఇల్లు

మావారిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేరోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పాడు. "ఎముకను మేం కూర్చినం మేడమ్. పుండు మానాలన్నా, కండ పట్టాలన్నా ప్రోటీన్ బాగా పెట్టాలె. మీకు నేను చెప్పేదేముంది, మీరే పిల్లలకు పాఠం చెప్తరట గదా."

నిజమే. నాంపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో ఆహార రసాయనం చెబుతాను. అందులోనూ నాకు ఇష్టమైన పాఠం పప్పుగింజలది. గింజలో ప్రోటీన్ ఎంత ఉందనేది ఒక సంగతి, అందులో మన ఒంటికి పట్టేదెంత అనేది వేరే సంగతి, ఈ రెంటికీ నడుమ ఉన్నది వంటిల్లు అని ఏటా కొత్త పిల్లలకు చెబుతూనే ఉన్నాను. వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మలతో వాదించి మరీ వస్తారు. నా పాఠం చెల్లనిది ఒక్క నా ఇంట్లోనే అని నాకు ఈ మధ్యనే తెలిసింది.

మావారు నాంపల్లి కోర్టులో లాయరు. వాన పడి వెలిసిన ఒక సాయంత్రం, స్టేషన్ ముందు స్కూటరు జారి కింద పడ్డారు. మోకాలి కింద ఎముక విరిగింది. లోపల ప్లేటు వేసి, పైన జానెడు పొడవునా కుట్లు వేశారు. మాది గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. కాబట్టి ప్రోటీన్ అంటే మాకు పాలు, పెరుగు, పప్పు. ముఖ్యంగా పప్పు. అబిడ్స్‌లో పెద్ద తపాలా ఆఫీసు వెనక సందులో ఉన్న మా ఇంటికి ఆయన్ను చేర్చి, మంచం మీద కాలు ఎత్తుగా పెట్టించి, నేను నేరుగా వంటింట్లోకి వెళ్లి కుక్కరులో పెసరపప్పు పోశాను.

"ఏంది పోస్తున్నవ్?" అంది అత్తమ్మ వెనకనుంచి.

"పెసరపప్పు అత్తమ్మా. మెత్తగ ఉడకబెట్టి పెడ్త."

"కుట్లు ఇంకా ఎండనే లే. పప్పు పెడ్తే చీము పడ్తదని తెల్వదా నీకు?"

ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. చెవి కుట్టించుకున్నా, పన్ను పీకించుకున్నా, కాన్పయినా, మన ఇళ్లలో ముందు ఆగిపోయేది పప్పే. దానికి జవాబు కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది.

"చీము పప్పుతోని రాదు అత్తమ్మా. క్రిములు చేరితే వస్తది. పుండు మానేందుకే పప్పు కావాలె."

"అది నీ కాలేజీల చెప్పుకో. గీడ ఉన్నది నా కొడుకు కాలు."

కుక్కరు మూత నా చేతిలోనే ఉంది. కుక్కరు మాత్రం ఆమె చేతిలోకి పోయింది. పప్పును మళ్లీ డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి, డబ్బాను పై అరలో పెట్టింది. మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. మామయ్య పోయాక ఈ ఇంటిని ఆమే నిలబెట్టింది. నాకు జ్వరం వస్తే నా తల దగ్గర కూర్చునేది కూడా ఆమే. అయితే పత్తెం దగ్గరికి వస్తే ఆమె ఎవరి మాటా వినదు.

మావారి తీర్పు కోసం గదిలోకి వెళ్లాను. కోర్టులో అవతలి లాయరును నోరెత్తనివ్వని మనిషి, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ అన్నారు.

"నువ్వు చెప్పింది కరెక్టే."

"మరి అత్తమ్మకు చెప్పండి."

"అమ్మ చెప్పింది గూడ జర ఆలోచించాలె."

"రెండూ ఎట్ల కరెక్టు అయితయి?"

"వాయిదా వేద్దాం," అన్నారు కళ్లు మూసుకుని.

వాయిదా వేశాం. బీరకాయ, పొట్లకాయ, వెల్లుల్లి కారం, పలచటి చారు. ఒక మనిషి ఒంట్లో తెగిన కండ అతుక్కోవాల్సిన రోజుల్లో మా ఇంట్లో వండినవి ఇవి. పొద్దున కాలేజీలో పప్పు గురించి చెప్పి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి పొట్లకాయ కూర చూస్తుంటే ఒళ్లు మండేది. చివరికి ఒకరోజు అత్తమ్మ గుడికి వెళ్లిన సమయం చూసి, పెసరపప్పు ఉడకబెట్టి, మిక్సీలో మెత్తగా తిప్పి, చారులో కలిపేశాను. దొంగతనం చేసినట్టు కుక్కరు కూడా కడిగి బోర్లించాను.

అత్తమ్మ వచ్చి గరిటె పెట్టి చారు తిప్పింది. గరిటె ఎత్తి మళ్లీ వంచింది.

"చారు గింత చిక్కగెందుకయింది?"

నాకు అబద్ధం నోటికి రాలేదు. నా మొహం చూసే ఆమెకు అర్థమైపోయింది. గిన్నె ఎత్తి చారు మొత్తం సింకులో పోసింది. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది, నేను కూడా రెండు మాటలు అనేదాన్ని.

ఈ యుద్ధంలోకి మా వదిన వచ్చింది. మావారి అక్క. చాదర్‌ఘాట్‌లో వాళ్లకు బట్టల దుకాణం ఉంది. బేరాలు లేని సమయంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోనులో ఆరోగ్యం వీడియోలు చూడటం ఆమెకు అలవాటు. తమ్ముడంటే ప్రాణం. ఆదివారం పొద్దున ఆటో దిగి, చేతిలో స్టీలు డబ్బాతో మెట్లెక్కి వచ్చింది.

"తమ్మీ, ఎట్లున్నవ్? చిక్కిపోయినవ్ రా," అని ఆయన తల నిమిరి, నా వైపు తిరిగింది. "ప్రోటీన్ పెడ్తున్నవా వీనికి?"

ఎట్టకేలకు నాకు ఒక సాయం దొరికిందనుకున్నాను. "అదే వదినా, పప్పు పెడ్తనంటే అత్తమ్మ ఒప్పుకుంటలేదు," అన్నాను.

"పప్పు వద్దు. ఉడకబెడ్తే ప్రోటీన్ సచ్చిపోతది. గింజ బతికున్నప్పుడే తినాలె. మొలకలు. పచ్చివి. మిక్సీల వేసి పాలలెక్క తాగాలె."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒక పక్క ఉడికిన పప్పు తింటే చీము పడుతుందనే ఆమె, ఇంకో పక్క ఉడికిస్తే ప్రోటీన్ చచ్చిపోతుందనే ఈమె. మధ్యలో కాలు విరిగిన మనిషి.

"వదినా, సచ్చిపోవుడు కాదు," అన్నాను వీలైనంత నెమ్మదిగా. "పచ్చి గింజల ప్రోటీన్ చిక్కువడ్డ నూలుండ లెక్క ఉంటది. ఉడికిస్తే ఆ చిక్కు విప్పుకుంటది. అప్పుడే మన కడుపు దాన్ని అరిగించుకుంటది."

"ఏంది విప్పుకునేది? నూలా?"

"ఇంకోటి వినండి. గింజ పుట్టింది మనం తినడానికి కాదు, మొలిచి చెట్టు కావడానికి. పురుగులు, పక్షులు తిని అరిగించుకోవద్దని అది లోపల కొన్ని పదార్థాలు పెట్టుకుంటది. అవి మన కడుపుల కూడ అరుగుదలను ఆపుతయి. నానబెడ్తే కొన్ని నీళ్లల్లకు పోతయి. మొలకెత్తిస్తే ఇంక కొన్ని తగ్గుతయి. మిగిలినవి పోవాలంటే ఉడకాలె."

"మొలకల వీడియో చెప్పినాయన కూడా చదువుకున్నాయనే," అంది వదిన.

ఇక లాభం లేదనుకుని, అసలు ప్రమాదం ఎక్కడుందో అదొక్కటైనా చెప్పాలనుకున్నాను. "సరే. పెసల మొలకలైతే జరన్ని ఆవిరి మీద మెత్తవడ్డంక ఇయ్యండి. రాజ్మా, సోయా మాత్రం పచ్చివి అస్సలే వద్దు. మొలకలొచ్చినా సరే, వాటిని బాగ మరిగే నీళ్లల్ల ఉడకబెట్టాల్సిందే. లేకపోతే వాంతులయితయి."

"ఔ, ఔ," అంది వదిన డబ్బా మూత తీస్తూ. ఆమె విన్నదని నేను అనుకున్నాను. అందులో ఆరోజు ఉన్నవి పెసల మొలకలే. వాటిని ఆవిరికి పెట్టి, ఉప్పు, నిమ్మరసం కలిపి నేనే ఇచ్చాను. అత్తమ్మ అడ్డు చెప్పలేదు. అదే నన్ను ఇంకా చికాకు పెట్టింది.

"అత్తమ్మా, ఇవి పెసలే. వీటి పొట్టు తీస్తే లోపలున్నది పెసరపప్పే గదా."

"పప్పంటే పొట్టు తీసి, రెండు చెక్కలు చేసింది. ఇది గింజ," అంది ఆమె ఏ తడబాటూ లేకుండా.

మా డిపార్టుమెంటులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న నాకు ఇలాంటి వర్గీకరణ ఎక్కడా ఎదురుపడలేదు. మావారు మొలకలు నములుతూ "బాగున్నయి" అన్నారు. ఆయనకు ఏది పెట్టినా బాగుంటుంది.

ఆ వారంలోనే కాలేజీలో పరీక్షలు మొదలయ్యాయి. నాకు గదిలో డ్యూటీ. ఫోను బయట సంచిలో పెట్టి లోపల తిరగాలి. పేపర్లు సర్ది, కట్ట కట్టి, అప్పజెప్పి బయటికి వచ్చి ఫోను చూస్తే ఇంటినుంచి వరసగా కాల్స్ వచ్చి ఉన్నాయి. తిరిగి చేస్తే అత్తమ్మ ఎత్తింది. ఏడుపులో మాట సరిగ్గా రావట్లేదు.

"జల్ది రా బిడ్డా. వాడు కక్కుకుంటున్నడు. ఆగుతలేదు."

నాంపల్లి నుంచి మా ఇంటికి దూరం ఏమీ కాదు. అయితే అవి అసెంబ్లీ నడుస్తున్న రోజులు. పోలీసులు దారి మళ్లించారు. ఆటో కదలలేదు. మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగేసి, ఐస్‌క్రీమ్ కోసం నిలబడ్డ జనాన్ని తోసుకుంటూ నడిచాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. పుండు లోపల ఏమైనా అయిందా, జ్వరం వచ్చిందా, ప్లేటు కదిలిందా. నాకు తెలిసినదంతా ఆ నడకలో నన్నే భయపెట్టింది.

ఇంట్లోకి వెళ్లేసరికి మంచం పక్కన బకెట్టు. మావారి మొహంలో నెత్తురు లేదు. బాత్రూముకు పోవాల్సిన అవసరం కూడా పడుతోంది, కాలు కింద పెట్టే వీల్లేదు. నేను లేనప్పుడు వచ్చిన వదిన ఆయన భుజాలు పట్టుకుని ఉంది. ఆమె చీరంతా తడిసిపోయింది. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తోంది.

వంటింటి గట్టు మీద మిక్సీ జారు ఉంది. అడుగున తెల్లటి నురుగు, దానికి అంటుకుని ఎర్రటి పొట్టు ముక్కలు. దగ్గరికి వెళ్లకముందే పచ్చి చిక్కుడు వాసన కొట్టింది.

"ఏం పోసిన్రు ఈయనకు?" అన్నాను.

"మొలకల పాలు," అంది వదిన.

"ఏం మొలకలు?"

"అన్నీ కలిపిన."

"రాజ్మా కూడానా?"

"ఔ. దాంట్లనే ప్రోటీన్ ఎక్కువుంటదట."

"నేను పచ్చిది వద్దన్నది అదే గదా వదినా."

ఆమె నా మొహం వైపు చూసింది. "నువ్వు పప్పు గురించి చెప్తున్నవనుకున్న," అంది.

ఏమైనా అనడానికి సమయం లేదు. పక్కింటి వాళ్లను పిలిచి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపించి, ఆస్పత్రికి తీసుకెళ్లాం. సెలైన్ పెట్టారు. వాంతి ఆగడానికి సూది వేశారు. కుట్లు చూశారు, అవి బాగానే ఉన్నాయి. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఏం తిన్నారని అడిగితే నేనే చెప్పాను. అతను తల ఊపి అందరికీ వినపడేలా వివరించాడు.

"పచ్చి రాజ్మాల పేగును చికాకు పెట్టే పదార్థం ఒకటి ఉంటదమ్మా. మొలకెత్తితే మొత్తం పోదు. నానబెట్టిన నీళ్లు పారబోసి, మరిగే నీళ్లల్ల బాగ ఉడకబెట్టాలె. సగం ఉడికినా కష్టమే."

వదిన రెండు చేతులూ బుగ్గలకు పెట్టుకుంది. "గట్లనా డాక్టర్ సాబ్. ఒక్కరన్న చెప్పలే మాకు."

నేను గోడకున్న మంచినీళ్ల బోర్డు వైపు తిరిగి దాన్ని అక్షరం అక్షరం చదివాను. చదవకపోతే ఆ గదిలో ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మంచం మీద నుంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "చెప్పింది డాక్టర్. మా ఆవిడ ముందే చెప్పింది. మేమే వినలే."

ఇంతకాలం వాయిదా వేసిన తీర్పు అది. సంతోషించాలి కదా. నాకు మాత్రం ఇంకా కోపం వచ్చింది. ఆ ముక్క ఆదివారం మీ అక్క ముందు అని ఉంటే ఇవాళ ఈ సెలైన్ ఉండేది కాదు కదా అనిపించింది. సెలైన్ ఎక్కుతున్న మనిషితో పోట్లాడటం బాగుండదని ఊరుకున్నాను.

సాయంత్రానికి ఆయన నిద్రపోయారు. వదిన చీర మార్చుకుని వస్తానని వెళ్లింది. నేనూ అత్తమ్మా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆమె పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం అలాగే ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆ పొట్లం చూసి నాకు ఇన్నిరోజుల చికాకూ ఒక్కసారిగా పైకి వచ్చింది.

"అత్తమ్మా, నేను మెత్తగ ఉడకబెట్టిన పప్పును సింకుల పోసిన్రు. ఆ పచ్చి రాజ్మా తాగుతుంటే మాత్రం చూసుకుంట ఊకున్నరు. ఎందుకు? నాకు ఒక్క కారణం చెప్పుండ్రి. నాకు సైన్సు తెల్వదనా? నేను మీ కొడుక్కు చెడు చేస్తననా?"

ఆమె పొట్లానికి కట్టిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మా అన్న ఒకడుండె," అంది చివరికి. "నీకు తెల్వదు. వీనికి గూడ తెల్వదు. చేన్ల కట్టెలు కొడ్తుంటే గొడ్డలి జారి కాలు మీద పడ్డది. పసుపు అద్దిన్రు, బొగ్గు పొడి పెట్టి గుడ్డ కట్టిన్రు. మా అమ్మ పత్తెం పెట్టింది. వట్టి అన్నం, కారం. వానికి సయించలే. అమ్మ చేనుకు పోయినంక నన్ను బతిమిలాడిండు. చెల్లే, జరంత పప్పు తే అని. పొయ్యి మీద కందిపప్పు ఉండె. గిన్నెల పోసి ఇచ్చిన. మంచిగ తిన్నడు."

నేను ఆమె వైపు తిరిగాను.

"కొన్నొద్దులకే కాలు వాసింది. దవడలు బిగుసుకపోయినయి. బండి కట్టి దవాఖానకు తీస్కపొయ్యిన్రు. బతకలే. అందరూ కూడి, పప్పు ఎవరు పెట్టిన్రని అడిగిన్రు. మా అమ్మ నా దిక్కు చూసింది. అంతే, ఏమనలే."

ఆమె ఏడవలేదు. ఎవరో పరాయివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. నా కోపం పోలేదు, దారి మళ్లింది. ఒక ఆడపిల్లను మధ్యలో నిలబెట్టి పప్పు ఎవరు పెట్టారని అడిగిన ఆ మనుషుల మీదకు, చనిపోయి ఎప్పుడో బూడిదైన ఆ మనుషుల మీదకు వెళ్లింది.

"అత్తమ్మా, దవడలు బిగుసుకపోయినయంటే అది ధనుర్వాతం. గొడ్డలికి మట్టి ఉంటది, పశువుల పేడ ఉంటది. ఆ మట్టిల క్రిమి పుండ్లకు పోయింది. మనం దెబ్బ తాకంగనే సూది వేయించుకునేది అందుకే. అప్పుడు మీ ఊర్ల ఆ సూది లేకుండె. పప్పు కడుపులకు పోతది. కాలికి పోదు. ఆయన మంచిగ తిన్నడంటిరి గదా. మీరు పెట్టింది మంచి తిండి. ఆయన పోయింది పప్పుతోని కాదు."

నా గొంతు క్లాసులో మాట్లాడినట్టు ఉందని నాకే తెలిసి ఆపేశాను. వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ పోయారు. దాని చక్రాల చప్పుడు మలుపు తిరిగేదాకా ఆమె నా మొహమే చూస్తూ ఉంది.

"గింత సదువుకున్నవు," అంది. "గీ ముక్క ముందే చెప్పొద్దా?"

చీము పప్పుతో రాదు, క్రిములతో వస్తుందని మొదటిరోజే, కుక్కరు మూత చేతిలో పట్టుకుని చెప్పాను. మర్నాడూ చెప్పాను. ఆ తర్వాత కూడా చెప్పాను. అవన్నీ ఆమెకు చేరనే లేదు. ఆ బల్ల మీద నాకు ఏడుపు వచ్చిందో నవ్వు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇడ్లీ పొట్లం విప్పి ఆమె చేతికిచ్చాను. తింది.

ఆయన ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి వంటింట్లో కుక్కరు కూస్తోంది. పై అరలోని డబ్బా గట్టు మీద ఉంది. అత్తమ్మ పప్పు పెట్టింది. ఇక కష్టాలు తీరాయని మీరు అనుకుంటే, నేను కూడా అలాగే అనుకున్నాను.

కుక్కరు కూత ఆగదే. విజిల్ తర్వాత విజిల్. నేను వెళ్లి స్టవ్వు ఆపబోతే చెయ్యి పట్టుకుంది. "పచ్చిది ఉంటే మళ్ల వాంతులయితయి. ఉడకనీ." మా బోరు నీళ్లకు పప్పు తొందరగా ఉడకదని చిటికెడు వంటసోడా కూడా వేసింది. వేసింది చిటికెడో, చారెడో. మూత తీశాక పైకి తేలిన తేటను గరిటెతో తీసి పారబోసింది. ఎందుకని అడిగితే, "ఏమన్న చీము గుణముంటే పోతది," అంది. అంటే నా మాట నమ్మింది, అయినా దారి ఖర్చుకు కొంత పాత మాట కూడా కొంగున కట్టుకుంది.

"సోడా వద్దత్తమ్మా. పప్పు మెత్తవడ్తది గానీ దాంట్ల ఉన్న విటమిను పోతది. రాత్రి నానబెడ్తే చాలు, సోడా లేకుండనే ఉడుకుతది. రాజ్మా నానిన నీళ్లు పారబోసినట్టు దీని తేట పారబోయొద్దు, అండ్ల గూడ బలముంటది."

ఆ వారమే కందిపప్పు వేయించింది. కమ్మటి వాసన వస్తే బిడ్డ ఇంకో ముద్ద తింటాడని ఆమె ఆశ. ఎర్రగా, ఇంకా ఎర్రగా, దాదాపు కాఫీ గింజల రంగు వచ్చేదాకా వేయించింది. నేను మూకుడు దించేశాను.

"మరీ వేపితే కూడ చెడిపోతదత్తమ్మా. పప్పుల ఉన్న మంచి భాగం ఒకటి మాడి ఒంటికి పట్టకుండ పోతది. అన్నంల తక్కువుండేది, పప్పుల ఎక్కువుండేది అదే."

ఆమె అట్లకాడ పట్టుకుని నా వైపు తిరిగింది. "పచ్చిది తినొద్దంటివి. ఉడకబెట్టుమంటివి. ఉడకబెడ్తే ఎక్కువ ఉడికిందంటివి. వేపితే మాడిందంటివి. మీ సైన్సు ఒక్క మాట మీద నిలవడదా?"

ఇదే ప్రశ్నను ఇంత సూటిగా నా విద్యార్థులు ఎవరూ అడగలేదు. వేడి తక్కువైతే ఒక తంటా, ఎక్కువైతే ఇంకో తంటా అని గ్రాఫు గీసి చూపిస్తాను క్లాసులో. ఇక్కడ గ్రాఫు గీయడానికి బోర్డు లేదు.

"అన్నం పచ్చిగ ఉంటే తింటమా?" అన్నాను.

"ఎట్ల తింటం?"

"మాడితే?"

"మాడింది ఎవలు తింటరు?"

"పప్పు గూడ గట్లనే."

"ఔ మరి. గట్ల చెప్పాలె," అని మూకుడు గట్టు మీద పెట్టింది. ఆ మాట కూడా నేను ముందే చెప్పి ఉండాల్సిందన్నమాట.

మొత్తానికి పప్పు తిన్నారాయన. అన్నంలో పప్పు, పైన నెయ్యి, పక్కన పెరుగు. రోజూ రెండు పూటలా. కుట్లు ఎండాయి, పుండు శుభ్రంగా మానింది. పరీక్షకు తీసుకెళ్తే డాక్టరు కాలు నొక్కి చూసి చాలా బాగుందన్నాడు. తిరిగి వస్తుంటే ఆటోలో మావారు తృప్తిగా, "డాక్టరు కుట్లు మంచిగ వేసిండు," అన్నారు. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

వదిన సంగతి చెప్పకుండా ఇది ముగియదు. ఆమె తమ్ముడి మంచం దగ్గర చెవులు పట్టుకుని తప్పయిందని చెప్పింది, మనస్ఫూర్తిగానే. ఆ తర్వాత చుట్టాల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఏ గింజా పచ్చిగా తినొద్దు, పచ్చి గింజంటే విషం, ఇది పెద్ద డాక్టరు తనతో స్వయంగా చెప్పిన మాట అని. దాంతో నానబెట్టిన పల్లీలు తినే ఒక పెద్దాయన మానేశాడు. పెసల మొలకలు తినే మా పిన్నత్త భయపడి నాకు ఫోను చేసింది. ఇంకొకామె పచ్చి కొబ్బరి చట్నీ సంగతేంటని అడిగింది. అన్ని గింజలూ ఒకటి కాదు, రాజ్మా వేరు, పెసలు వేరు, కొబ్బరి అసలు ఈ లెక్కలోకే రాదు అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఓపిగ్గా విని, చివర్లో వాళ్లన్న మాట ఒకటే. "మరి మీ వదిన గట్ల చెప్పలేదే."

మావారు కర్ర సాయంతో నడవడం మొదలుపెట్టాక వదిన మమ్మల్ని భోజనానికి పిలిచింది. నేను వాళ్ల వంటింట్లో శనగల కుక్కరు మూత తీసి, ఒక గింజ వేళ్ల మధ్య నొక్కి చూశాను. వెన్నలా నలిగింది. తాలింపు పెట్టబోతుంటే వదిన వచ్చి నా చేతిలోంచి మూత తీసుకుంది.

"ఇంక రెండు కూతలు రానీ. నీకు తెల్వదు, సగం ఉడికితే డేంజర్," అంది.

రానిచ్చాను. ఆరోజు అందరం గుగ్గిళ్లను చెంచాతో తిన్నాం.

మొన్న ఒక పొద్దున అత్తమ్మ కిటికీ దగ్గర కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. నేను కాలేజీకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ సూది ఉంటే మా అన్న బతికేటోడా?"

"బతికేటోడు అత్తమ్మా. ముందుగాల వేయించి ఉంటే ఆ రోగమే రాకపోతుండె."

ఒక రాయిని తీసి కిటికీలోంచి బయటికి విసిరింది. ఇంకో గుప్పెడు పప్పును ముందుకు జరిపింది. నేను గడప దాటుతుంటే వెనకనుంచి మళ్లీ పిలిచింది.

"సోడా డబ్బా ఏడ పెట్టినవ్? కనవడ్తలేదు."

"తెల్వదత్తమ్మా," అని మెట్లు దిగిపోయాను.